వెనక వరుసలో దీక్ష

నాలుగు దాటి రెండు నిమిషాలు. అంటే ఇంకా యాభై ఎనిమిది. పద్నాలుగేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసినదానికి నిమిషాలు ఎవరూ నేర్పనక్కర్లేదు, దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు నిమిషాలు ఎక్కువ నిలబడితే ఎల్బీ నగర్ చేరేలోపే వెనక బస్సు వచ్చి అందుకుంటుందని నా ఒంటికే తెలుసు, కానీ ఇవాళ ముందు బస్సూ లేదు వెనక బస్సూ లేదు, తెలంగాణ సమ్మెలో బస్సులు ఆగి అయిదు రోజులైంది, ఎల్బీ నగర్ చౌరస్తాలో మా దీక్షా శిబిరం ముందు నుంచి షేర్ ఆటోలూ లారీలూ తప్ప ఏమీ పోవడం లేదు. పొద్దున పదింటి నుంచి కదలకుండా కూర్చున్నాను. కదులుతున్నది నా కుడిచెయ్యి ఒక్కటే. వణుకుతోంది. ముందు వేళ్లు, ఇప్పుడు మణికట్టు దాకా. ఈ వణుకు నాకు తెలుసు. పొద్దున ఆరింటికి షుగర్ గోలీ మింగాను. మింగకూడదు. ఒక్కపొద్దు ఉన్నరోజు గోలీ వేసుకోవద్దని డాక్టరు చీటీ మీద రాసి కింద గీత కూడా గీశాడు, శనివారాలు నేను వేసుకోను కూడా, కానీ ఇవాళ శుక్రవారం, చెయ్యి దానంతటదే డబ్బా దగ్గరికి పోయింది, నీళ్లు వాటంతటవే గొంతులోకి పోయాయి, షేర్ ఆటో కొత్తపేట దాటాక గుర్తొచ్చింది. కడుపులో ఏమైనా ఉందా లేదా అన్నది గోలీకి అనవసరం, అది రక్తంలో చక్కెరను దించుకుంటూ పోతుంది. చేతులు వణికి చెమటలు పోస్తే వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలమ్మా, ఆలస్యం చేస్తే పడిపోతావు, పడిపోయినవాళ్లందరూ లేవరు అని కూడా ఆ డాక్టరే చెప్పాడు. చక్కెర ఉంది. ఒళ్లో ఉన్న నా పాత తోలుసంచిలో, ఒకప్పుడు చిల్లర వేసుకునే అరలో, ప్లాస్టిక్ కవరులో ముడివేసిన పిడికెడు చక్కెర. ఉంది గానీ తినలేను. దీక్షలో కూర్చున్నాను. అయిదింటికి నాయకుడు వచ్చి అందరికీ నిమ్మరసం ఇచ్చి దీక్ష విడిపిస్తాడు, నిమ్మరసంలో చక్కెర ఉంటుంది. యాభై ఏడు నిమిషాలు.

ముందు వరుసలో పదిమంది ఉన్నారు. వెనక వరుసలో ఇద్దరం, నేనూ లచ్చయ్యన్నా. లచ్చయ్యన్న రిటైరుమెంటు దగ్గరపడ్డ డ్రైవరు, నడుము నొప్పి, టెంటు గుంజకు ఆనుకోవచ్చని తనే వెనక్కి వచ్చాడు. నేను రాలేదు, నన్ను పంపారు. పొద్దున బొట్లు పెట్టి దండలు వేస్తున్నప్పుడు నేను మా డిపో సంధ్యారాణి పక్కన ముందు వరుసలోనే కూర్చున్నాను, జరిగి జరిగి చోటు చేసుకుని, రెండు కాళ్లూ ముడుచుకోలేక ఒకటి చాపి దానిమీద కొంగు కప్పుకుని. యూనియన్ తరఫున శిబిరం చూసే భిక్షపతి నా వెనక వంగి చెవిలో చెప్పాడు.

“అక్కా, ఏమనుకోకు. జర ఎన్కకు కూసో.”

“ఎందుకు తమ్మీ?”

“పేపరోళ్లు ఫొటో దీస్తరు గదక్కా. మన తిండి మనకు దక్కుతలేదని గదా మనం జెప్తున్నది. నువ్వు ముంగట గూసుంటె అవతలోళ్లు నవ్వుతరు.”

భిక్షపతి చెడ్డవాడు కాదు. ఒకసారి మలక్‌పేట దగ్గర తాగినవాళ్లు నలుగురు అతని కాలరు పట్టుకుంటే బస్సు దిగి అడ్డం నిలబడింది నేనే, నా వెనక నక్కిన భిక్షపతి వాళ్లకు కనబడనే లేదు, ఆరోజు నా ఒళ్లు అతనికి అక్కరకొచ్చింది. అందుకే లేచాను. నేను లేవడమంటే అదొక కార్యక్రమం, ఒక చెయ్యి నేల మీద, తర్వాత ఒక మోకాలు, తర్వాత ఎవరిదో భుజం, అది పూర్తయ్యేదాకా అందరూ మర్యాదగా రోడ్డు వైపు చూశారు. దీక్షకు పేరు రాసుకోమని భిక్షపతినే మూడుసార్లు అడిగాను నేను. మొదటిసారి నీకెందుకక్కా అన్నాడు. రెండోసారి ఆరోగ్యం చూసుకో అన్నాడు. మూడోసారి రాశాడు, పన్నెండు పేర్లలో పన్నెండోది, కె. అండాలమ్మ.

సిగ్నల్ దగ్గర మోటారుసైకిలు మీద ఇద్దరు ఆగారు. ముందు వరుస భుజాల మధ్య నుంచి నా దాకా చూశారు, పొట్ట మీద వేసిన దుప్పటి తప్పించుకుని ఎలా కనబడతానో గానీ అందరి కళ్లూ ముందు నన్నే పట్టుకుంటాయి. “అగో, గామె గూడ దీక్షకు కూసుందిరా.” “ఆమెకేందిరా, ఆర్నెల్ల స్టాకున్నది.” లైటు పచ్చగా మారగానే ఇద్దరూ పిడికిళ్లెత్తి జై తెలంగాణ అని అరిచారు. నేను కూడా పిడికిలెత్తి జై తెలంగాణ అన్నాను. అనకముందు నవ్వాను. వాళ్లకంటే ముందే నవ్వాను. అది నా పద్ధతి, ఎవరైనా నోరు తెరుస్తున్నారని తెలిస్తే చాలు, మాట బయటికి రాకముందే నేను నవ్వేస్తాను, అప్పుడు అది తిట్టు కాకుండా పరాచికం అవుతుంది, అందరూ ఇళ్లకు హాయిగా పోతారు. ఊళ్లో డబుల్ డెక్కర్ బస్సులు ఎత్తేసిన రోజుల్లోనే నాకు డబుల్ డెక్కర్ అని పేరొచ్చింది. డబుల్ డెక్కరక్కా అని పిలిస్తే ఏందిరా అని పలికేదాన్ని. సాయంత్రం ఆరింటి బస్సులో రెండు సీట్ల మధ్య దారిలో నేను పోతుంటే రెండువైపులా నిలబడినవాళ్లు పొట్టలు లోపలికి పీల్చుకునేవాళ్లు, ఆ పీల్చుకునేటప్పుడు మనిషి మొహం ఎలా పెడతాడో పద్నాలుగేళ్లు చూశాను, ఒక్కొక్క మొహమూ చూశాను. ఒక పెద్దమనిషి ఎంతో మర్యాదగా, తల్లీ, నువ్వు దిగి నడిస్తె ఇంకో నలుగురం ఎక్కుదుము గదా అన్నాడు. బస్సంతా ఘొల్లుమంది. నేనూ నవ్వి రైట్ రైట్ అన్నాను. ఆ రాత్రి మోకాళ్ల నొప్పులని అర్జీ రాసుకున్నాను, బస్‌పాసుల కౌంటరులో కూర్చోబెట్టమని. మోకాళ్లు నొప్పే, అబద్ధం కాదు. కానీ కౌంటరుకు ఒక చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి మొహమూ రెండు చేతులూ తప్ప కనబడవు. ఆ కిటికీ కోసం రాశాను.

నాలుగూ ఇరవై. మెడ కింద చెమట మొదలైంది. ఎండ చెమట కాదు, చల్లగా ఉంది, జాకెట్టు లోపల గీతలా దిగుతోంది. మైకులో పాట పెట్టారు, డప్పు దెబ్బ ఒక్కొక్కటీ నా చెవిలో కాదు పళ్లలో మోగుతోంది. దండ ఇంకా మెడలోనే ఉంది, బంతిపూలు వాడిపోయి వాసనేస్తున్నాయి, ఇంకో నాలుగు రోజుల్లో బతుకమ్మ, బంతిపూలకు ఇంకా రేటు పెరుగుతుందని పొద్దున పూలమ్మే కిష్టమ్మ అంది, అంటూనే నన్ను పైనుంచి కిందిదాకా చూసి, పిల్లలు పుట్టకపోతె గట్లనే నీరు వడ్తదమ్మా ఒంటికి అని కూడా అంది. పిల్లలు పుట్టలేదు కాబట్టి లావయ్యానని కొందరు, లావయ్యాను కాబట్టి పుట్టలేదని కొందరు, పూలమ్మ దగ్గర్నుంచి డాక్టరమ్మ దాకా ప్రతివాళ్లకూ నా ఒంటి గురించి ఒక పుస్తకం ఉంది. మా ఇంటి ఓనరు సీతామహాలక్ష్మిగారి పుస్తకం అన్నిటికంటే పెద్దది. భీమవరం వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ల కింద దిల్‌సుఖ్‌నగర్‌లో మేడ కట్టుకున్నారు, కింద వాళ్లు, పైన మేం కిరాయికి. పరగడుపున తేనె నీళ్లు తాగమన్నారు, తాగాను. రాత్రి అన్నం మానెయ్యమన్నారు, అది ఆవిడ చెప్పకముందే మానేశాను, ఆవిడ నమ్మలేదు. నిన్న మెట్ల దగ్గర ఆపారు. “మీ రాష్ట్రం సంగతేమో గానీ అండాలూ, లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. ఈ వంకనైనా ఓ పూట కడుపు మాడ్చుకుంటే నీకే మంచిదమ్మా.” ఆవిడకు రాష్ట్రం విడిపోవడం ససేమిరా ఇష్టం లేదు, భిక్షపతి పేరెత్తితేనే మొహం చిట్లిస్తారు, భిక్షపతి అయితే ఆవిడలాంటి వాళ్ల మేడలన్నీ ఎవరి నీళ్లతో కట్టారో లెక్క చెప్పమంటాడు. అలాంటి ఇద్దరికీ ఒక్క మాట మీద పొత్తు కుదిరింది. టీవీల్లో రాత్రింబవళ్లు అరుచుకుంటున్న రెండు ప్రాంతాల వాళ్లూ ఏకాభిప్రాయానికి వచ్చిన సంగతి ఏదైనా ఉందంటే అది నా ఒళ్లు. నా కంచంలో ఏముందో మాత్రం ఇటువాళ్లూ చూడలేదు, అటువాళ్లూ చూడలేదు. రెండు జొన్నరొట్టెలు, గరిటెడు కూర, అంతే.

జంగయ్య ఒక్కడే ఏమీ అనడు. నా మొగుడు. ఆటోనగర్‌లో లారీలు బాగుచేస్తాడు, ఎండుపుల్లలా ఉంటాడు, ఆ ఎండుపుల్ల పక్కన నేను నడిస్తే చూసేవాళ్లకు ఖర్చులేని సర్కసు. మూడేళ్ల కింద బతుకమ్మకు గాజులు కొందామని దిల్‌సుఖ్‌నగర్ బజారుకు పోయాం. నేను రొప్పుతుంటే దుకాణం అబ్బాయి స్టూలు తెచ్చాడు, మంచివాడే. “అన్నా, అమ్మను కూసోవెట్టు” అన్నాడు. అమ్మను. జంగయ్య నాకంటే అయిదేళ్లు పెద్ద. వాడి మాట దిద్దుతాడేమోనని ఆయన మొహం వైపు చూశాను, ఆయన స్టూలు అందుకుని నా ముందు వేశాడు. కూర్చున్నాను. నా చేతికి పట్టే గాజులు అక్కడ లేవు. ఆరోజు నుంచి బజారులో ఆయన నాకంటే పది అడుగులు ముందు నడుస్తాడు. తిరిగి చూడడు, ఆగి నిలబడతాడు, నేను దగ్గరికి రాగానే మళ్లీ నడుస్తాడు. తిడితే తిరిగి తిట్టేదాన్ని, కొడితే పోలీసుస్టేషన్‌కు పోయేదాన్ని, పది అడుగుల గురించి ఎవరికి చెప్పుకోవాలి. ఇవాళ పొద్దున కూడా చౌరస్తా దాకా వచ్చి అటు నుంచి అటే పనికి పోయాడు. నన్ను ముందు వరుసలో చూస్తాడనుకున్నాను.

జూన్‌లో మాత్రం ముందు వరుసే. అది వంటా వార్పు రోజు, రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండి, రోడ్ల మీదే బంతులు తీర్చి తిని, బండ్లను ఆపేసిన రోజు. “అక్కా, నువ్వు ముంగట గూసో, నీతోని కళొస్తది” అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది ఇదే భిక్షపతి. నేను నలుగురిలో తినక ఎన్నేళ్లయిందో. కౌంటరులో అయితే కిటికీ మూసి గోడవైపు తిరిగి తింటాను, పెళ్లిళ్లలో ఆకలి లేదని చెప్పి ఇంటికొచ్చి తింటాను, తింటే చూడు ఎట్ల తింటుందో అంటారు, తినకపోతే ఎవరిని నమ్మించడానికి అంటారు, తింటే ఆయాసం తినకపోతే నీరసం అన్న సామెత నా కోసమే పుట్టింది. ఆరోజు మరిచిపోయాను. తారు కాలుతోంది, విస్తరి మీద వేడన్నం, పప్పుచారు, వంకాయ కూర, పక్కన సంధ్యారాణి, అటుపక్క ఎవరో లాయరు, కనుచూపు మేర అందరి చేతులూ ఒకే పని చేస్తుంటే నా చెయ్యి ప్రత్యేకం ఏముందిలే అనిపించింది. పెద్ద ముద్ద కలిపాను. నోరు తెరిచాను. మర్నాడు పేపరులో చౌరస్తా లేదు, లాయరు లేడు, వందల మంది లేరు. నేనున్నాను. తెరిచిన నోరు, ముద్ద, కింద అక్షరాలు, కడుపునిండా ఉద్యమం. సీతామహాలక్ష్మిగారు కత్తిరించి చేతికిచ్చారు, దాచుకోమని. డిపోలో ఎవరో డ్యూటీ చార్టుల బోర్డుకు గుచ్చారు. ఎవరు గుచ్చారో తెలియదు, తీసేద్దామని మూడుసార్లు బోర్డు దాకా పోయి వచ్చాను, తీస్తే నొచ్చుకున్నానని తెలుస్తుంది. మూడు నెలలుగా ఆ నోరు అక్కడ తెరుచుకునే ఉంది. అందుకే పేరు రాయించుకున్నాను. రాష్ట్రం కోసం కాదా అంటే రాష్ట్రం కోసం కూడా. కానీ ఆ ఫొటో మీద ఇంకో ఫొటో పడాలి. ఒక్క రోజు, ఒక్క పేపరులో, అండాలమ్మ ఆకలితో కూర్చున్న ఫొటో. ఈమెకూ ఆకలి వేస్తుందని జనం చూడాలి. అంతకుమించి నేనేమీ అడగలేదు.

ఆకలి నాకు తెలియదనుకుంటారు. మునుగోడు వైపు మా ఊళ్లో మూడేళ్లు వరసగా వానలు లేనప్పుడు ఒక చెంబు జొన్న గట్కలో ముగ్గురు పిల్లలం చేతులు పెట్టేవాళ్లం. మా అమ్మ ముత్తమ్మ మా తర్వాత చెంబు కడిగిన నీళ్లు తాగేది. ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి తాగి నలభై ఏళ్లకే ఎముకలు వంకరపోయి, తల నేలవైపు వంగిపోయి, ఎవరి మొహం చూడాలన్నా మెడ పక్కకు తిప్పి కిందనుంచి చూసేది. నాకు ఉద్యోగం వచ్చి నాలుగేళ్లకు హైదరాబాద్ వచ్చింది, అప్పటికే నేను ఒళ్లు చేశాను. నన్ను అలా కిందనుంచి చూసి, బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. “తిన్నది ఒంటికి కానరావాలె బిడ్డా. గిప్పుడు నా బిడ్డను జూస్తె ఎవ్వడన్న ఉన్నోళ్ల బిడ్డ అంటడు.” నన్ను చూసి సంతోషంతో ఏడ్చిన మనిషి ఆమె ఒక్కతే. పోయి ఆరేళ్లు.

నాలుగూ నలభై అయిదు. లచ్చయ్యన్న లేచి బాత్రూముకని రోడ్డు దాటి పోయాడు, పది నిమిషాలకు వచ్చి గుంజకు ఆనుకున్నాడు, మీసాలకు శనగపిండి. మిరపకాయ బజ్జీల వాసన టెంటంతా వచ్చింది. ముందు వరుస పదిమందీ వెనక్కి తిరిగారు. “లచ్చన్నా, ఎన్ని దిన్నవే?” “రెండే, తియ్యి. పానం గుంజింది.” అందరూ నవ్వారు, భిక్షపతి అయితే వచ్చి ఆయన మీసాలు తువ్వాలుతో తుడిచాడు, ఫొటోల పడతది పెద్దమనిషీ అని. నాకూ నవ్వొచ్చింది, కానీ పెదవులు కదలలేదు. ఇప్పుడే, ఈ నవ్వులోనే, సంచిలో చెయ్యి పెట్టి పిడికెడు చక్కెర నోట్లో పోసుకుంటే అయిపోతుంది గదా. అయిపోతుంది. లచ్చయ్యన్న తింటే అది చిలిపితనం. నేను తింటే అది రుజువు. ఇన్నేళ్లుగా అందరూ అనుకుంటున్నదానికి రుజువు, ఒక్క పూట ఆగలేదు చూశావా, దీక్షలో కూడా తిన్నది, సంచిలో పెట్టుకునే వచ్చింది. షుగర్ పడిపోయిందని చెప్పొచ్చు. చెప్తే, మరి ఒళ్లు తగ్గించుకోవాలె గదక్కా అంటారు. అయినా చెయ్యి సంచిలోకి పోయింది, దానికి నాకంటే బతుకు మీద తీపి ఎక్కువ. సంధ్యారాణి సరిగ్గా అప్పుడే తిరిగింది.

“ఏం దేవులాడుతున్నవక్కా?”

“చేతిరుమాల.”

“చెమటలు మంచిగ వట్టినయి గదా, ఫ్యాట్ కరుగుతుందక్కా” అని తన రుమాలు తీసి నా నుదురు తుడిచింది. ఇరవై ఏడేళ్ల పిల్ల, మా డిపోలోనే కండక్టరు, నా వెనకే తిరిగి పని నేర్చుకుంది, ఆదివారాలు తెల్లవారుజామున వచ్చి నన్ను లేపి సరూర్‌నగర్ చెరువుగట్టు మీద నడిపిస్తుంది, నా కోసం కొర్రలు కొనుక్కొస్తుంది, నేను చచ్చిపోతానని భయం దానికి. నన్ను నిజంగా ప్రేమించే మనిషి. దాని వేళ్లు చల్లగా హాయిగా ఉన్నాయి. ఆ చెయ్యి పట్టుకుని చెవిలో ఒక్కమాట చెబుదామనుకున్నాను, కానీ అది అప్పటికే నినాదానికి ముందుకు తిరిగింది.

అయిదైంది. నాయకుడు రాలేదు. మలక్‌పేటలో రాస్తారోకో అట, కారు ఇరుక్కుందట, “ఒస్తున్నడు, ఒస్తున్నడు, పది నిమిషాలు” అని భిక్షపతి ఫోను చెవికి పెట్టుకుని తిరుగుతున్నాడు. అయిదూ పది. గుంజకు కట్టిన బ్యానరు మీద అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. నాకు ఇప్పుడు ఎవరి మీదా కోపం లేదు, కోపానికి కూడా ఒంట్లో ఏదో ఉండాలి. ఇంత ఒళ్లుంది గదా, ఇన్నేళ్లు అందరూ లెక్కలు చెప్పిన ఇంత ఒళ్లు, ఇందులో నాకు అవసరమైనప్పుడు అక్కరకొచ్చేది చెంచాడు కూడా లేదు. ఆర్నెల్ల స్టాకట. అయిదూ ఇరవై. పరువు సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కొంగు చాటున సంచిలో చెయ్యి పెట్టి కవరు పట్టుకున్నాను. ముడి. ఏ వేలు ఎక్కడుందో తెలియడం లేదు, ముడి ఒకచోట, వేళ్లు ఒకచోట. కదిలే బస్సులో ఒంటికాలి మీద నిలబడి టికెట్లు చింపిన వేళ్లు ఇవి. పళ్లతో కొరుకుదామంటే కవరు నోటి దాకా ఎత్తాలి, ఎత్తితే కనబడుతుంది, సరే కనబడనీ అనుకుని ఎత్తబోయేసరికి చప్పట్లు, డప్పులు, జై తెలంగాణ, నాయకుడి కారు. నిమ్మరసం వచ్చేసింది. చేతిలో కవరును వదిలేశాను. ఇన్ని గంటలు ఆగినదాన్ని, ఇంకో రెండు నిమిషాలు. చక్కెర వాళ్లే ఇస్తారు, అందరి ముందూ, కెమెరా ముందు, గౌరవంగా.

ముందు వరుసకు ఇస్తున్నారు. కాగితం కప్పు, చెయ్యి, ఫొటో. కాగితం కప్పు, చెయ్యి, ఫొటో. నిమ్మకాయ వాసన వచ్చింది, దాని వెనక చక్కెర వాసన కూడా వచ్చింది, చక్కెరకు వాసన ఉంటుందని ఇప్పుడే తెలిసింది. నాయకుడి తెల్ల చొక్కా రెండు చొక్కాలుగా కనబడుతోంది. ఏడుగురు. ఎనిమిది. సంధ్యారాణి తన కప్పు తాగి లేచింది. లచ్చయ్యన్న కప్పు అందుకుని గటగటా తాగి పెదవులు చప్పరించాడు, “బగ్గ తియ్యగున్నదిరా” అన్నాడు. నా వైపు వస్తున్న కప్పును సంధ్యారాణి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

“అక్కకు అది వద్దన్నా. అండ్ల మస్తు చక్కెరుంది.” తన సంచిలోంచి మూత పెట్టిన స్టీలు గ్లాసు తీసింది. “అక్కా, నీకు షుగరుందని యాదుంచుకుని పొద్దుగాలనే ఇంటికాడ వేరే కలుపుకొచ్చిన. చక్కెర ఒక్క పలుకు గూడ ఎయ్యలే. ఉప్పేసిన.”

నాయకుడు మెచ్చుకున్నాడు. “చూడున్రి, గీ ప్రేమనే మన బలం” అన్నాడు. చప్పట్లు కొట్టారు. గ్లాసు ఆయన పట్టుకున్నాడు, సంధ్యారాణి నా తల వెనక చెయ్యి వేసింది, ఇద్దరూ కలిసి తాగించారు. పుల్లగా, ఉప్పగా ఉంది, అడుగు దాకా తాగాను, అడుగున ఏమైనా తియ్యగా మిగిలిందేమోనని నాలుకతో వెతికాను. ఇంక లాభం లేదు. చెప్పాలి. ఆరింటి బస్సులో ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా వినబడేది నా గొంతు, ఒక్క మాట చెప్పలేనా.

“సంధ్యా... జర... చక్కెర...”

అందరూ నా వైపు తిరిగారు. తర్వాత భిక్షపతి పకపకా నవ్వాడు, తర్వాత లచ్చయ్యన్న, తర్వాత ముందు వరుసంతా, నాయకుడు కూడా కడుపు పట్టుకుని. “అక్కా, నువ్వు మారవే! దీక్ష ఇడ్శి నిమిషం గాలె!” సంధ్యారాణి నన్ను వాటేసుకుని నా భుజం మీద తల పెట్టి నవ్వుతోంది, అది నవ్వుతుంటే నా ఒళ్లంతా ఊగుతోంది. నా పెదవులు వాటంతటవే విచ్చుకున్నాయి. పద్నాలుగేళ్ల అలవాటు. ఇందాక కదలని పెదవులు ఇప్పుడు కదిలాయి, చక్కెర అనడానికి కాదు. పేపరతను ముందు వరుసను అటూ ఇటూ జరగమన్నాడు. పదిమందీ జరిగి దారి ఇచ్చారు. కెమెరా నా మీదికి తిరిగింది.

“అక్కా, గదే నవ్వు. అట్లనే ఉండు. కదలకు.”

కదలలేదు.